స్టేషన్ మెట్లెక్కాలంటే తోడెందుకు?

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలు కనిపించకుండా పోయింది. ఇంట్లోవాళ్లు స్టేషన్‌కి పరుగెత్తితే 'ఇది మా పరిధి కాదు, అటు వెళ్లండి' అన్నారు. రెండు స్టేషన్ల మధ్య తిరగడంలోనే గంటలు పోయాయి. ఆమెపై అత్యాచారం చేసి చంపేశారని తర్వాత తేలింది. తర్వాత ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. జనం డిపార్ట్‌మెంట్‌ని దుమ్మెత్తిపోశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోగానే అక్కడ చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. అవి కావాలని జరిపిన కాల్పులేనని, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ చెప్పింది. ఆ నివేదికకు పూలకు వచ్చినంత ప్రచారం రాలేదు.

జనానికి నిలకడ లేదని కొట్టిపారేయడం తేలిక. నాకైతే ఆ తిట్లలోనూ ఆ పూలలోనూ ఒకే నమ్మకం కనిపిస్తుంది. స్టేషన్లో పని హక్కుగా జరగదు, ఎవరో దయ తలిస్తే జరుగుతుంది, లేదంటే దెబ్బ పడుతుంది. ఈ నమ్మకం ఈనాటిది కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నుంచి తాసిల్దారుకే పోలీసు అధికారం కూడా ఉండేది. శిస్తు వసూలు చేసేవాడే దొంగల్నీ పట్టుకునేవాడు. బకాయి పడ్డ రైతుకూ, దొంగతనం అనుమానం ఉన్నవాడికీ ఒకటే మర్యాద. వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కే 'కిట్టి', మెడను కాళ్లకు కట్టేసి వంగబెట్టి ఎండలో ఉంచే 'అనందాల్' లాంటివన్నీ 1855 నాటి చిత్రహింసల కమిషన్ నివేదికలో నమోదయ్యాయి. కొద్ది నెలల్లోనే దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. అంతకుముందు ఎవరికి చెప్పుకోవాలి? తాసిల్దారు పై అధికారి కలెక్టరుకే. కమిషన్ మాత్రం తప్పంతా దేశీయ ఉద్యోగుల మీదకి నెట్టి తెల్లదొరల్ని బయటపడేసింది.

దాని ఫలితంగా 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం, 1857 తిరుగుబాటు వేడి చల్లారకముందే 1861లో బ్రిటిష్ ఇండియాలో చాలా భాగానికి పోలీసు చట్టం వచ్చాయి. శిస్తు, పోలీసు విడిపోయాయి. కానీ కొత్త పోలీసుకు నమూనాగా తీసుకున్నది లండన్ పోలీసుని కాదు, ఐర్లాండ్‌ను అదుపులో పెట్టడానికి తయారుచేసిన సాయుధ దళాన్ని. ఆ కాలంలోనే, పోలీసు ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యంగా చెల్లదని చట్టంలో రాశారు. 1872 సాక్ష్య చట్టంలోని ఆ నియమం 2023 కొత్త చట్టంలోనూ 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది. తన పోలీసు తెచ్చిన ఒప్పుకోలును తానే నమ్మని సర్కారు, జనాన్ని మాత్రం నమ్మమంటుంది! పోలీసు వ్యవస్థను పరిశీలించిన 1902-03 నాటి ఫ్రేజర్ కమిషన్ కూడా పోలీసులంటే లంచగొండులు, పీడించేవాళ్లు అన్న పేరే ఉందని తేల్చింది.

నిజాం ఇలాకాలో కథ వేరు, ఫలితం ఒకటే. నగరంలో కొత్వాల్, ఊళ్లో పోలీస్ పటేల్. ఆ పటేల్ చాలాచోట్ల దొర మనిషే. గడి, అంటే దొర కోట మీద ఫిర్యాదు చేయాలన్నా ముందు గడి మనిషినే దాటాలి. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది గానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ బండి పోయిందని చెప్పడానికైనా సరే, వార్డు మెంబరునో కులపెద్దనో వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లున్నారు. ఎమ్మెల్యే పీఏతో ఒక ఫోన్ కొట్టిస్తే ఇంకా ధైర్యం.

1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని కర్ఫ్యూ దాకా తీసుకెళ్లాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయ్యాక నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తర్వాతి ఎన్‌కౌంటర్ల దశాబ్దాల్లో పల్లెల్లో ఖాకీ అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు.

2000 ప్రాంతంలో పోలీసుల్నీ జనాన్నీ కలిపి కూర్చోబెట్టే 'మైత్రి' కమిటీలొచ్చాయి. 2014 తర్వాత తెలంగాణలో 'ఫ్రెండ్లీ పోలీసింగ్' అన్నారు. ఇన్నోవాలు, షీ టీమ్స్, స్టేషన్లో రిసెప్షన్. తేడా లేదనను. కుర్చీ ఇస్తారు, 'చెప్పండమ్మా' అంటారు. కానీ కాగితం తీసుకుని 'సార్ బందోబస్తుకెళ్లారు, సాయంత్రం రండి' అన్నప్పుడు మర్యాద దక్కుతుంది, ఎఫ్ఐఆర్ దక్కదు. విచారించదగ్గ నేరం అయితే కేసు కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

పైగా ఆ స్నేహం అన్ని పేటలకూ ఒకేలా అందలేదు. అవే ఏళ్లలో బస్తీల్లో కార్డన్ సెర్చ్‌లు మొదలయ్యాయి. గల్లీ రెండు వైపులా మూసేసి, ఇల్లిల్లూ తిరిగి, ఆధార్ చూపించమని అడిగి, కాగితాల్లేని బండ్లను ఎత్తుకెళ్లేవారు. దానికి 'కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రామ్' అని పేరు. గేటెడ్ కమ్యూనిటీల్లో ఇలాంటి 'కాంటాక్ట్' జరిగిందని నేనెక్కడా వినలేదు. 2021లో దొంగతనం అనుమానంతో అడ్డగూడూరు స్టేషన్‌కి తెచ్చిన ఒక దళిత మహిళ కస్టడీలోనే చనిపోయింది.

కానిస్టేబుల్ వైపు నుంచీ చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో వారానికో రోజు సెలవు ప్రకటించిందే 2019లో. పైవాడి చేత 'ఏరా' అనిపించుకుంటూ, పద్నాలుగు గంటలు ఎండలో నిలబడి వచ్చినవాడు అర్జీదారుతో ఎలా మాట్లాడతాడు?

పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రానికీ, ప్రతి జిల్లాకూ విడిగా ఒక సంస్థ పెట్టాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. రెండు రాష్ట్రాల్లోనూ అది ఏళ్ల తరబడి కాగితం దాటలేదు. ఎస్ఐ కొట్టాడనో తిట్టాడనో చెప్పుకోవాలంటే జనం సోమవారం ఎస్పీ ఆఫీసులో గ్రీవెన్స్‌కే క్యూ కడతారు. అర్జీ మీద ముద్ర పడుతుంది, నంబరిస్తారు. విచారణకి అది చాలాసార్లు మళ్లీ ఆ ఎస్ఐ ఉన్న సర్కిల్ ఇన్‌స్పెక్టరుకే వెళ్తుంది.