స్పానిష్‌కు ముందు ఇంగ్లీష్ రావాలా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం నర్సంపేట నుంచి ఒక తండ్రి ఫోన్ చేశారు. కూతురికి డిగ్రీ అయిపోయింది, స్పానిష్ నేర్చుకోవాలని పట్టుదలగా ఉందట. "మేడం, మా బిడ్డది మొదటి నుంచి తెలుగు మీడియం. ముందుగాల ఇంగ్లీష్ మంచిగ రావాలె, తర్వాతనే స్పానిష్ అని ఒక దగ్గర చెప్పిన్రు. ఆరు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ ఫీజు కట్టిన. ఇంకెన్ని నెలలైతే మీ దగ్గరికి తోలమంటరు?"

ఆ గొంతులోని టెన్షన్ నాకు కొత్త కాదు. హన్మకొండలో పన్నెండేళ్లుగా స్పానిష్ చెబుతున్నాను. ఏటా కనీసం పది మంది ఇదే ప్రశ్నతో వస్తారు. అడిగే లోపే కొందరికి ఏడాది, రెండేళ్లు పోయి ఉంటాయి. అందుకే ఈసారి దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతా పుకార్లకు చివర్లో కాస్త చోటిస్తే చాలు.

అపోహ: ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లకే స్పానిష్ వస్తుంది. తెలుగు మీడియం వాళ్లకు కష్టం.

వాస్తవం దాదాపు దీనికి తలకిందులు. ముందు నోటితో మొదలుపెడదాం.

తొలిరోజు క్లాసులో బోర్డు మీద తాకో అనే పదాన్ని స్పానిష్ అక్షరాల్లో రాసి చదవమంటాను. ఇంగ్లీష్ మీడియం పిల్లలు "టాకో" అంటారు. స్పానిష్‌లో ట లేదు, డ లేదు. ఉన్నవి మన త, ద లాంటివే, నాలుక పళ్లకు తగిలి పలికేవి. ప, త, క కూడా మనలాగే గాలి వదలకుండా పలుకుతారు. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ ఐదే. పదంలో ఎక్కడున్నా వాటి ధ్వని మారదు. ఇంగ్లీష్ చదివినట్టు అచ్చుల్ని మింగేస్తే అవతలివాళ్లకు అర్థం కాదు.

ఇక అందరూ భయపడే ర. స్పానిష్‌లో పెరో అంటే 'కానీ', పెర్రో అంటే కుక్క. ఆ ర్ర పలకడానికి అమెరికా వాళ్లు నెలల తరబడి తంటాలు పడతారు. మనం రోజూ బర్రె అంటాం, గుర్రం అంటాం, కర్ర అంటాం. పరకాల నుంచి వచ్చే ఒక అబ్బాయికి ర్ర రాదేమోనని వారం రోజులు నిద్ర పట్టలేదట. యూట్యూబ్‌లో ఎవరో ఇంగ్లీష్ ఆయన నాలుక కసరత్తులు చూపించాడట. "మీ ఇంట్లో బర్రె ఉందా?" అని అడిగాను. "రెండున్నయి మేడం" అన్నాడు. "అదే ర్ర, పెర్రో అను" అన్నాను. ఒక్కసారికే వచ్చేసింది. ఆ అబ్బాయి ముఖం నాకింకా గుర్తుంది.

నోటి సంగతి అలా ఉంచితే, అసలు లాభం వాక్యంలో ఉంది. 'ఐ లైక్ కాఫీ' అని ఆలోచించేవాడు స్పానిష్‌లో "యో గుస్తో కఫే" అంటాడు. తప్పు. సరైనది "మె గుస్తా ఎల్ కఫే". మె అంటే 'నాకు'. మనం నేను ఇష్టం కాఫీ అనం కదా, నాకు కాఫీ ఇష్టం అంటాం. తలనొప్పి కూడా అంతే. మనం నాకు తల నొస్తోంది అంటాం, వాళ్లు "మె దుయేలె లా కబేసా" అంటారు. నాకు ఆకలి, నాకు భయం, నాకు చలి, నాకు ఇరవై ఏళ్లు: ఇంగ్లీష్‌లో ఇవన్నీ 'ఐ యామ్'తో మొదలవుతాయి. స్పానిష్‌లో అన్నీ "తెంగో", అంటే 'నాకు ఉంది'. తెంగో ఆంబ్రె, తెంగో మియేదో, తెంగో ఫ్రీయో, తెంగో వేయింతె ఆన్యోస్. తెలుగులో ఆలోచిస్తే సగం దారి వచ్చేసినట్టే. ఇంగ్లీష్ మీదుగా వెళ్తే చుట్టూ తిరిగి అక్కడికే రావాలి.

సేర్, ఎస్తార్ మరీ ముఖ్యం. ఇంగ్లీష్ వాడికి ఒకే 'ఈజ్' ఉన్న చోట స్పానిష్‌కు రెండు క్రియలు. ఇంగ్లీష్ పుస్తకాల్లో శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని రాసి ఉంటుంది. పిల్లలు బట్టీ పట్టి తప్పులు చేస్తారు. వేయి స్తంభాల గుడి ఎనిమిది వందల ఏళ్లకు పైగా హన్మకొండలోనే ఉంది, అయినా అక్కడ వాడాల్సింది ఎస్తార్ రూపమైన "ఎస్తా". పెళ్లి ఒక్కరోజు ముచ్చట, కానీ సేర్ రూపమైన 'ఎస్' పెట్టి "లా బోదా ఎస్ ఎన్ హన్మకొండ" అనాలి. ఆ పుస్తకం సూత్రం రెండుచోట్లా దెబ్బతింది. ఇప్పుడు తెలుగులో చూడండి. గుడి హన్మకొండలో *ఉంది*. పెళ్లెక్కడ అంటే, హన్మకొండలో. ఉంది అక్కర్లేదు. మా నాన్న రైతు, అంటే ఎస్. మా నాన్న పొలంలో ఉన్నాడు, అంటే ఎస్తా. మా అన్న పొడుగ్గా ఉంటాడు, ఎస్. మా అన్న అలసిపోయి ఉన్నాడు, ఎస్తా. ఉన్నాడు, ఉంటాడు, అసలు క్రియే లేకపోవడం: ఈ మూడింటి తేడా మన పిల్లలకు ఐదేళ్లకే తెలుసు.

నూటికి నూరు పాళ్లు కుదురుతుందని చెప్పను. ఈ లెక్క కష్టంగా ఉంది అంటాం, అక్కడ మాత్రం "ఎస్ దిఫీసిల్" అనాలి. అలాంటివి విడిగా నేర్చుకోవాలి. కానీ ఇంగ్లీష్ దారిలో వచ్చే తప్పులతో పోలిస్తే ఇవి చాలా తక్కువ.

నువ్వు, మీరు తేడా వాళ్లకూ ఉంది: తూ, ఉస్తెద్. వస్తాను, వస్తావు, వస్తారు అని క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది కాబట్టి మనలాగే వాళ్లూ 'నేను', 'నువ్వు' వదిలేసి మాట్లాడతారు. మన తువ్వాలు వాళ్లకు తొఆయా, సబ్బు హబోన్, బొత్తాం బొతోన్, మేస్త్రి మాయెస్త్రో. పోర్చుగీసు వాళ్ల నుంచి మనకొచ్చిన మాటలవి, స్పానిష్ మాటలకు దగ్గరి చుట్టాలు. నారింజను వాళ్లు నరాంహా అంటారు. అది ఇటువైపు నుంచే పర్షియన్, అరబ్బీ మీదుగా స్పెయిన్ చేరిన మాట.

మరి తెలుగువాళ్లకు కష్టమైనవి లేవా? ఉన్నాయి. ఒకటి, ఒత్తు, అంటే నొక్కి పలకడం, ఏ అచ్చు మీద పడుతుందో చూసుకోవాలి. ఆబ్లో అని మొదటి అచ్చును నొక్కితే 'మాట్లాడతాను', చివరి ఓను నొక్కితే 'అతను మాట్లాడాడు'. మన చెవి దీర్ఘాల కోసం వెతుకుతుంది, ఒత్తును వదిలేస్తుంది. రెండోది లింగం. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అంటే మనకు ఆశ్చర్యం. మండిబజార్ నుంచి వచ్చే ఉర్దూ పిల్లలకు అందులో ఇబ్బందే లేదు, పుట్టినప్పటి నుంచి వాళ్లకు అలవాటే. తెలుగు పిల్లలు మాత్రం ప్రతి పదాన్నీ దాని ముందున్న 'ఎల్', 'లా'తో కలిపే రాసుకోవాలి. లా మేసా, ఎల్ లీబ్రో. విడిగా రాసుకుంటే తర్వాత సరిచేసుకోవడం చాలా బాధ.

ఇంగ్లీష్ వద్దని అనడం లేదు. మంచి పుస్తకాలు, నిఘంటువులు ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి. పదో తరగతి ఇంగ్లీష్ చదివి అర్థం చేసుకోగలిగితే వాటికి సరిపోతుంది. ఇంగ్లీష్‌లో గలగలా మాట్లాడటం స్పానిష్‌కు మెట్టు కాదు. ఉద్యోగానికి ఇంగ్లీష్ కావాలంటే పక్కనే నేర్చుకోండి, దానికోసం స్పానిష్‌ను ఆపకండి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేనూ ఇంగ్లీష్ పుస్తకాలు పెట్టుకుని ఒంటరిగానే నేర్చుకున్నాను. పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తూ, చెవిలో పాఠం పెట్టుకుని, విన్న వాక్యాన్ని పైకి అనేదాన్ని. నాలుగేళ్లయినా ఒక్క వాక్యం కూడా తడుముకోకుండా వచ్చేది కాదు. తెలుగులో అనుకుని, ఇంగ్లీష్‌లోకి మార్చి, దాన్ని స్పానిష్‌లోకి మార్చేసరికి ఎదుటివాళ్లు ఇంకో మాటలోకి వెళ్లిపోయేవారు.

తర్వాత గ్వాటెమాలాలోని ఆంతిగ్వాకు వెళ్లాను. ఒక టీచరుకు ఒకే విద్యార్థి ఉండే స్పానిష్ బడులు అక్కడ చాలా ఉన్నాయి. ఊళ్లోవాళ్ల ఇంట్లోనే ఉండి, వాళ్లతోనే తింటూ చదువుకోవచ్చు. మొదటి సాయంత్రం ఆ ఇంటావిడ పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తోంది. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రుబ్బి, ఆ ముద్దను రెండు చేతుల మధ్య తడుతూ గుండ్రంగా చేసి పెనం మీద వేస్తోంది. ఆ తట్టే చప్పుడు అచ్చం మా అమ్మమ్మ జొన్నరొట్టె కొడుతున్నట్టే ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఒక రొట్టె నా చేతిలో పెట్టి "లె గుస్తా?" అంది. 'మీకు ఇష్టమేనా?' అంతే. మీకు, ఇష్టం. మాట వెంట మాట తెలుగే. "మె గుస్తా మూచో" అని నా నోట్లోంచి వచ్చేసింది, మధ్యలో ఇంగ్లీష్ లేకుండా. ఆ రాత్రే నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద తెలుగు, కుడి పేజీ మీద స్పానిష్ రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా క్లాసులో అందరూ అలాగే రాస్తారు.

అపోహ: ఆ దేశంలో నెల రోజులుంటే భాష దానంతటదే వచ్చేస్తుంది.

రాదు. నేనున్న ఇంట్లోనే ఇంకో గదిలో నాలుగు నెలలుగా ఉంటున్న ఒకాయనకు మంచినీళ్లు అడగడం కూడా సరిగ్గా వచ్చేది కాదు. పగలంతా మిగతా విదేశీయులతో కఫేలో ఇంగ్లీష్ మాట్లాడేవాడు. ఏమీ రాకుండా వెళ్తే మనచుట్టూ వినిపించేది భాషలా ఉండదు, గోలలా ఉంటుంది. ఇక్కడే ఒక ఏడాది కూర్చుని, రెండు మూడు వేల మాటలు పట్టుకుని, నిదానంగా మాట్లాడితే అర్థమయ్యే స్థాయికి వచ్చాక వెళ్లండి. అప్పుడు నెల రోజుల ప్రయాణం ఆరు నెలల పని చేస్తుంది.

శాకాహారులు ఒకటి గుర్తుంచుకోవాలి. "కార్నె (మాంసం) తినను" అంటే చాలామందికి గొడ్డుమాంసం, పందిమాంసం తిననని మాత్రమే అర్థమవుతుంది. కోడిముక్కలు వేసి తెస్తారు, స్పెయిన్‌లో అయితే పైన హమోన్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పందిమాంసం) ముక్కలు చల్లుతారు. "నీ పోయో, నీ పెస్కాదో, నీ హమోన్" అని కోడి, చేప, హమోన్ పేర్లన్నీ విడివిడిగా చెప్పాలి. మొహమాటపడొద్దు.

మిగతావి, త్వరగా.

*30 రోజుల్లో స్పానిష్.* అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యాధికారులకు స్పానిష్ నేర్పడానికి 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందని లెక్కవేసింది. అదీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పనిగా చదివేవాళ్లకు. రోజుకు గంట చదివేవాళ్లు రెండేళ్లు అనుకోండి. ఆ ప్రకటనలకు డబ్బు కట్టకండి.

*స్పెయిన్ స్పానిష్ నేర్చుకుంటే లాటిన్ అమెరికాలో పనికిరాదు.* పనికొస్తుంది. వరంగల్ మాటకు, రాజమండ్రి మాటకు ఉన్నంత తేడానే. బస్సును మెక్సికోలో కామియోన్ అంటారు, క్యూబాలో గ్వాగ్వా, అర్జెంటీనాలో కొలెక్తీవో. వెళ్లినచోట రెండు రోజుల్లో తెలిసిపోతాయి.

*యాప్‌లో ఏడాది స్ట్రీక్ (ఒక్కరోజూ మానకుండా చేసిన లెక్క) ఉంటే వచ్చినట్టే.* యాప్ మాటల్ని గుర్తుపట్టడం నేర్పుతుంది. మాట్లాడటం రావాలంటే నోరు తెరవాలి. రోజూ పావుగంట విన్నదాన్ని పైకి అనండి, ఇంట్లోవాళ్లు ఏమన్నా అనుకోనివ్వండి.

*నలభై దాటితే రాదు.* మా దగ్గర రిటైరైన ఆర్టీసీ ఉద్యోగి ఒకాయన ఉన్నారు. క్లాసులో అందరికంటే ముందు క్రియలు అప్పజెప్పేది ఆయనే.

*సర్టిఫికెట్ ఉంటే వీసా, ఉద్యోగం ఖాయం.* ఈ మాట చెప్పి డబ్బు వసూలు చేసేవాళ్లున్నారు, జాగ్రత్త. టూరిస్టు వీసాకు స్పానిష్ సర్టిఫికెట్ అడగరు. స్పెయిన్ ఇచ్చే షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు మన జిల్లాలో ఎక్కువ కాబట్టి ఒక విషయం: అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో చూడటానికి విడిగా వీసా అక్కర్లేదు. ఇక సర్టిఫికెట్ అంటే డెలే, స్పానిష్ ఎంత వచ్చో తేల్చే పరీక్ష. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ అయిన ఢిల్లీలోని ఇన్‌స్తితూతో సెర్వాంతెస్‌లో రాయవచ్చు. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు, ఒకసారి పాసైతే దానికి గడువు లేదు. నేను వరంగల్ స్టేషన్‌లో జీటీ ఎక్కి వెళ్లి రాసి వచ్చాను. హైదరాబాద్ కంపెనీల్లో స్పానిష్ ప్రాసెస్ ఉద్యోగాలకు, అంటే స్పానిష్ మాట్లాడే కస్టమర్ల పని చూసే వాటికి, వెళ్లాలనుకుంటే బీ2 లక్ష్యంగా పెట్టుకోండి. ఏ1 పట్టుకుని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

నర్సంపేట ఆయనకు ఇందులో సగం ఫోన్‌లోనే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే సోమవారం తోల్క రావన్నా?" అని అడిగారు. రమ్మన్నాను, రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి తెమ్మన్నాను.