చెన్నై డేటా సెంటర్ల డీజిల్ గొడవ: అసలు మెలిక 2015 డిసెంబరులో ఉంది

ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడేసరికి చెన్నై డేటా సెంటర్లలో పాత గొడవ మళ్ళీ లేచింది. ట్యాంకుల్లో ఎన్ని గంటల డీజిల్ ఉంచాలి? 48 గంటలదా, 24 చాలా, లేక డేటా సెంటర్ల స్టాండర్డ్‌లో రాసినట్టు 12 గంటలతో సరిపెట్టి మిగిలిన డబ్బు లిథియం బ్యాటరీల మీద పెట్టాలా? ఒక పక్క ఖర్చు లెక్కలు చూసే ఫైనాన్స్ వాళ్లు, ఇంకో పక్క రాత్రి షిఫ్టులో డీజీ యార్డు (డీజిల్ జనరేటర్లు ఉండే చోటు) చూసుకునే ఫెసిలిటీ వాళ్లు. ఈ రెండో పక్షంలో మనవాళ్లు చాలామందే ఉన్నారు, నెల్లూరు, తిరుపతి, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చి అంబత్తూరులోనూ సిరుసేరిలోనూ పనిచేస్తున్నవాళ్లు.

యూపీఎస్ అంటే కరెంటు పోగానే బ్యాటరీలతో లోడు అందుకునే పరికరం, టియర్లు అంటే డేటా సెంటర్ ఎంత నమ్మదగినదో చెప్పే స్థాయిలు, అంతకు మించిన వివరాలు వదిలేద్దాం. కరెంటు పోగానే బ్యాటరీలు 5 నుంచి 15 నిమిషాలు లోడు మోస్తాయి, ఒకటి రెండు నిమిషాల్లోపే జనరేటర్లు లేచి, ఒకదానితో ఒకటి జతకలిసి (సింక్ అయి) అందుకుంటాయి. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి గంటల గురించే, దాని మూలం తెలియాలంటే 2015కి వెళ్లాలి.

ఆ డిసెంబరు 1, 2 తేదీల మధ్య 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం జలాశయం నుంచి 29,000 క్యూసెక్కుల దాకా నీళ్లు వదిలారు, అడయారు నది ఊళ్లోకి వచ్చేసింది. ప్రమాదం జరక్కుండా ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్లు చాలా ప్రాంతాలకు కరెంటు ఆపేశారు, ఆపకపోయి ఉంటే ఇంకా ఘోరం జరిగేది కాబట్టి అందులో తప్పుపట్టాల్సింది లేదు. విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 1878 నుంచి వస్తున్న 'ది హిందూ' డిసెంబరు 2న చెన్నైలో అచ్చు కాలేదు, ఎందుకంటే మరైమలై నగర్ ప్రెస్‌కు పనివాళ్లు చేరుకోలేకపోయారు. అన్నిటికన్నా ముఖ్యం సెల్ టవర్ల సంగతి. చాలా టవర్ల కింద జనరేటర్ బాగానే ఉంది, డీజిల్ అయిపోయింది, కొత్త డీజిల్ తెచ్చే బండికి దారి లేదు. కొన్ని బంకులు నీళ్లలో ఉన్నాయి, మిగతావాటి దగ్గర క్యూలు. ఊరంతా ఇంజన్లు ఉన్నాయి, వాటిలో పోయడానికి మాత్రం ఏమీ లేదు.

నా ఉద్దేశంలో చెన్నైలో బ్యాకప్ పవర్ గురించి ఆలోచించే తీరు రెండుగా చీలింది ఇక్కడే. అంతకుముందు అందరి బుర్రల్లో ఉన్నది 2008 నుంచి కొన్నేళ్లు నడిచిన కరెంటు కోతలు. అప్పుడు కోత టైంటేబుల్ ప్రకారం వచ్చేది, రోడ్లు పొడిగా ఉండేవి, ఫోన్ చేస్తే ట్యాంకర్ వచ్చేది. అలాంటి కాలంలో నమ్మకం అంటే ఇంజన్ల లెక్కే. ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలని ఎన్ ప్లస్ వన్ (అవసరమైనన్నిటికి ఒకటి అదనం), పెద్ద కస్టమర్ అడిగితే టూ ఎన్ (అన్నీ రెట్టింపు). ట్యాంకు సైజు ఎవరికీ పట్టలేదు, పట్టాల్సిన అవసరం కూడా రాలేదు.

నిజానికి హెచ్చరిక మూడేళ్ల ముందే వచ్చింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు మన్‌హట్టన్‌లో ఒక డేటా సెంటర్ జనరేటరు పైన 17వ అంతస్తు దగ్గర క్షేమంగా ఉంది, ఇంధనం పంపు మాత్రం నేలమాళిగలో మునిగిపోయింది. ఇంజనీర్లూ కస్టమర్లూ కలిసి బకెట్లతో డీజిల్‌ను మెట్ల మీదుగా మోశారు. అంతకు ఏడాది ముందు ఫుకుషిమాలో నేలమాళిగ జనరేటర్లు సునామీకి మునిగిన సంగతి సరేసరి.

ఇక 12 గంటల మాట. ఇది డేటా సెంటర్లకు టియర్లు ఇచ్చే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ టియర్ స్టాండర్డ్‌లో ఉంది, ఫైనాన్స్ వాళ్లు చూపించేది అదే. అదే స్టాండర్డ్ డేటా సెంటర్‌కు అసలు కరెంటు సొంత ఇంజన్లదేనని, బయటి గ్రిడ్ ఖర్చు తగ్గించుకునే ప్రత్యామ్నాయం మాత్రమేనని కూడా చెబుతుంది, ఆ భాగం ఎవరూ చదివి వినిపించరు. పైగా 12 అన్నది కనీసం. అంతకు మించి ఎంత అన్నది ఆ ఊరి నేలా, వానా, రోడ్డూ చూసి తేల్చుకోవాల్సింది.

లెక్క వేద్దాం. లీటరు డీజిల్‌కు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. 10 మెగావాట్ల లోడుకి గంటకు 2,500 లీటర్లు దాటుతుంది. 12 గంటలకు 30,000 పైచిలుకు, 48 గంటలకు 1.2 లక్షల లీటర్ల పైన. లీటరు 90 రూపాయలు దాటిన రోజుల్లో కోటికి పైగా డబ్బు ట్యాంకులో కూర్చుంటుంది. ఊరికే కూర్చోదు కూడా, తేమ చేరుతుంది, జిగురు పడుతుంది, దాన్ని వడపోస్తూ ఉండాలి. ఫైనాన్స్ వాళ్ల బాధలో న్యాయం ఉంది. గ్రిడ్ బాగుపడింది, పెద్ద సెంటర్లకు రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి హైటెన్షన్ లైన్లు వస్తున్నాయి, ఏడాదిలో ఇంజన్లు తిరిగే గంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అంటారు. మామూలు రోజుల వరకు ఇదంతా నిజమే.

యార్డు వాళ్లు అడిగేది మాత్రం మామూలు రోజుల గురించి కాదు. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను చెట్లనూ స్తంభాలనూ కూల్చేసింది, కొన్ని పేటలకు కరెంటు రావడానికి రోజులు పట్టింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై వైపు రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. అది చిత్తడి నేల, నీళ్లు అక్కడికి రాక ఎక్కడికి పోతాయి! రెండు లైన్లు ఉన్నా తుపాను ఒకటే, రెండింటినీ ఒకేసారి పడగొడుతుంది, ట్యాంకర్ రావాల్సిన రోడ్డును కూడా అదే మూసేస్తుంది. లైను తెగే అవకాశాన్ని ఒకసారి, బండి రాకపోయే అవకాశాన్ని ఇంకోసారి విడివిడిగా లెక్కేసి గుణిస్తే వచ్చే చిన్న అంకెను నమ్మడానికి లేదని వాళ్ల వాదన. నాకు ఇందులో లోపం కనబడలేదు.

బ్యాటరీల పక్షం కూడా చెప్పాలి. మన ఎండలకు లెడ్ యాసిడ్ బ్యాటరీలను నాలుగైదేళ్లకే మార్చాల్సి వస్తుంది, లిథియం రెట్టింపు కాలం వస్తుంది, చోటు తక్కువ. మైక్రోసాఫ్ట్ 2020లోనే 2030కల్లా డీజిల్ మానేస్తామంది. కానీ 10 మెగావాట్లను ఒక్క రోజు నడపాలంటే 240 మెగావాట్ అవర్ల బ్యాటరీ కావాలి, ఆ ఖర్చు ముందు కోటి రూపాయల డీజిల్ ఏపాటి? దానికి తోడు 2022 అక్టోబరులో దక్షిణ కొరియాలో బ్యాటరీ గదిలో మొదలైన మంటతో అక్కడి మెసేజింగ్ యాప్ కకావో టాక్ రోజుల తరబడి కుంటింది, 2025 సెప్టెంబరులో అదే దేశంలో డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీ మంటకు 709 సిస్టమ్‌లు ఆగిపోయాయి. లిథియంలో ఎల్‌ఎఫ్‌పీ (ఐరన్ ఫాస్ఫేట్) రకం అంత సులువుగా అంటుకోదు అనేది నిజం, నిమిషాల పనికి వాడుకోవడానికి అభ్యంతరం ఏమీ లేదు.

పొగ గురించి కూడా ఈ మధ్య మాట వస్తోంది. 2023 జులై నుంచి వచ్చిన సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) ఫోర్ ప్లస్ పొగ నిబంధన 800 కిలోవాట్ల లోపు జనరేటర్లకే. డేటా సెంటర్లలో పెట్టేవి ఎక్కువగా 2,000 కేవీఏ (సుమారు 1,600 కిలోవాట్లు), ఆ పైవి. అంటే అపార్ట్‌మెంట్ జనరేటర్‌కు ఉన్న కొత్త కట్టుదిట్టం వీటికి లేదు. ఇది మారాల్సిందే, కానీ అది ఇంజన్ మీద పెట్టాల్సిన ఫిల్టర్ల గొడవ, ట్యాంకు తగ్గించడానికి సాకు కాకూడదు.

ఖర్చు తగ్గించాలంటే చోట్లు లేకపోలేదు. టూ ఎన్‌లో ప్రతి యూపీఎస్ సగం లోడు కూడా మోయకుండా ఏళ్ల తరబడి తిరుగుతుంది. నాలుగు యూపీఎస్ బ్లాకులు పెట్టి మూడు చాలేలా డిజైన్ చేస్తే ఒక్కొక్కటి 75 శాతం దాకా మోయగలదు, ఒకటి పోయినా లోడు నిలబడుతుంది. అలా మిగిలే డబ్బు ట్యాంకు ఖరీదుకు చాలా ఎక్కువ. ఇంజన్లను నెలనెలా లోడు లేకుండా తిప్పడం మానేసి లోడ్ బ్యాంక్‌తో (ఇంజన్ మీద కృత్రిమంగా లోడు పెట్టే పరికరం) పరీక్షిస్తే మసి పట్టడం తగ్గుతుంది. పంపులూ ప్యానెళ్లూ వరద మట్టానికి పైన పెట్టడం డ్రాయింగ్ దశలో దాదాపు ఉచితం, కట్టాక మార్చాలంటే నరకం.

24 గంటలు చాలు అనే ప్రతిపాదన అంతా ఒక్క కాగితం మీద నిలబడి ఉంటుంది: డీలరు ఫోన్ చేసిన కొన్ని గంటల్లో డీజిల్ తెస్తాడనే సప్లై ఒప్పందం. ఇలాంటి ఒప్పందాల్లో చివరి పేజీల్లో సాధారణంగా ఫోర్స్ మజూర్ క్లాజు ఉంటుంది, ప్రకృతి విపత్తులో సరఫరా చేయలేకపోతే డీలరుకు బాధ్యత లేదని. ట్యాంకు తగ్గించేముందు ఫైనాన్స్ వాళ్లు ఆ క్లాజు తీయించి తేవాలని యార్డు వాళ్లు అడుగుతున్నారు. డీలర్లు దానికి ఏ రేటు చెబుతారో చూశాకే ఏది చవకో తేలుతుంది.