కాటన్ దొర కల ఏది? సుంకేసుల నుంచి బనకచర్ల దాకా

గోదావరి నీళ్ళను రాయలసీమలోని బనకచర్లకు తరలించే గొడవ మళ్ళీ రాజుకుంది. ఇది రాజుకున్నప్పుడల్లా రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల పేర్లతో పాటు ఒక మిలిటరీ ఇంజనీరు పేరు కూడా వినబడుతుంది. ఆయన రిటైరై నూట అరవై ఏళ్ళు దాటింది, చనిపోయి నూట పాతికేళ్ళు దాటింది. నదుల అనుసంధానం కాటన్ దొర కన్న కల అని ఒక పక్షం అంటుంది. కాటన్ డెల్టా వాళ్ళకు దేవుడైతే కావచ్చు, మాకేం సంబంధం అని రెండో పక్షం అంటుంది. ఆయన చేసిన పని ముందు పెట్టుకుని చూస్తే ఈ రెండు మాటలూ అతకవు.

ధవళేశ్వరం కథ ఇక్కడ మళ్ళీ చెప్పనక్కర్లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట, అంతకు ముందరి డొక్కల కరువు, సంకల్పంలో కాటన్‌ను భగీరథుడిగా తలచుకునే పురోహితులు, మే 15న విగ్రహాలకు దండలు... గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతులే. ఇప్పటి గొడవకు పనికొచ్చే కాటన్ మాత్రం మనకు కర్నూలు పక్కన సుంకేసులలో దొరుకుతారు. అక్కడ దండలు వేసేవాళ్ళు తక్కువ.

సుంకేసులకు వెళ్ళే ముందు ఒక్క మాట. ఆర్థర్ కాటన్ సివిల్ ఇంజనీరు కారు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మద్రాస్ ఇంజనీర్స్ దళం మనిషి. పదిహేనేళ్ళకే సైనిక శిక్షణలో చేరి, 1821లో ఇక్కడికి వచ్చారు, బర్మా యుద్ధంలో పనిచేశారు. ఆ రోజుల్లో చెరువులు, కాలువలు, రోడ్లు చూసింది ఈ సైనిక ఇంజనీర్లే. ఇసుక మీద పునాది ఎలా నిలుస్తుందో ఆయన నేర్చుకున్నది ఇంగ్లండ్‌లో కాదు, కావేరి మీద చోళులు కట్టిన కల్లణై దగ్గర. ఆ సంగతి ఆయనే రాసుకున్నారు. 1836లో కావేరి పాయ కొల్లడం మీద కట్టిన ఆనకట్టలూ, తర్వాత ధవళేశ్వరమూ ఆ పాఠం మీద లేచినవే. రెండు చోట్లా పరిస్థితి ఒకటే. పల్లపు నేల, వరి పండించే రైతు, నీళ్ళ కోసం అప్పటికే ఎదురుచూస్తున్న పొలం. ఆనకట్ట కట్టి నీటిమట్టం పెంచితే మిగతా పని వాలు చూసుకుంటుంది.

ఇక ఆ కల సంగతి. 1858 ప్రాంతంలో కాటన్ దేశమంతటినీ కాలువలతో కలిపే పథకం ముందు పెట్టిన మాట నిజం. కరాచీ నుంచి కాన్పూర్, కలకత్తా, కటక్ మీదుగా మద్రాసు దాకా, అటు పాలఘాట్ కనుమ దాటి పడమటి తీరం దాకా. కానీ ఆ కాలువలు ప్రధానంగా పడవల కోసం. రైళ్ళ మీద పెట్టే డబ్బులో కొంత ఖర్చు పెడితే పడవ అంతకన్నా చవగ్గా సరుకు మోస్తుందన్నది ఆయన జీవితాంతం పట్టిన పట్టు. కృష్ణా గోదావరులను కలిపిన ఏలూరు కాలువకు లాకులు పెట్టింది అందుకే. కాకినాడ నుంచి మద్రాసుకు పడవలు ఆ దారిలోనే వెళ్ళేవి. ఒక నదిలో మిగిలిన నీళ్ళను ఇంకో నది పొలాలకు మళ్ళించాలన్న వాదన గంగా కావేరి లింకుతో ఇంజనీరు, కేంద్రమంత్రి కె.ఎల్. రావు పెద్ద ఎత్తున తెచ్చింది 1972లో.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కాటన్ ఆలోచన ప్రకారం ఒక నది నీళ్ళు గట్టు దాటి పక్క నది లోయలోకి పారిన చోటు ఒకటుంది. అదే కర్నూలు కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్. తుంగభద్ర నీళ్ళు దాని ద్వారానే పెన్నా లోయలోకి వెళ్తాయి. అనుసంధానం గురించి కాటన్ పేరు ఎత్తాలంటే ముందు ఈ కాలువ లెక్క చూడాలి. ఆయన పేరుకు దెబ్బ తగిలింది కూడా ఇక్కడే.

1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట, కర్నూలు, నంద్యాల మీదుగా కడప దాకా కాలువ, ఆపైన తూర్పు తీరం వైపు పొడిగింపు. పొలాలకు నీళ్ళు, సరుకుకు పడవలు. పెట్టుబడి పది లక్షల పౌన్లు. దాని మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ పడింది. కాలువ పారినా పారకపోయినా లండన్‌లో వాటాదారుకు వడ్డీ అందుతుంది. అది కట్టేది మాత్రం ఇక్కడి పన్నుల్లోంచే. కాటన్ ఏళ్ళ తరబడి తిట్టిపోసిన రైల్వే కంపెనీలకు ఇచ్చిందీ ఇలాంటి హామీనే.

హామీ ఉన్నచోట పొదుపు ఎవరికి కావాలి? పది లక్షల పౌన్లూ పని మధ్యలోనే కరిగిపోయాయి. ప్రభుత్వం అప్పిచ్చింది. 1870ల మొదట్లో దాదాపు 300 కిలోమీటర్ల కాలువ తయారైంది. కర్నూలు ఊళ్ళో హంద్రీ మీదుగా కాలువను దాటించిన రాతి అక్విడక్టు దగ్గర నిలబడితే పనితనం ఏమిటో ఇప్పటికీ కనిపిస్తుంది. కింద ఏరు, పైన కాలువ. ఇంజనీరింగ్ పరంగా వేలెత్తి చూపడానికి పెద్దగా ఏమీ లేదు. నీళ్ళు వచ్చాయి. తీసుకునే రైతు రాలేదు.

ఎందుకు రాలేదన్నది ఆ కాలువ కిందున్న నేల చెబుతుంది. నంద్యాల చుట్టూ, కుందూ వెంట నల్లరేగడి. ఒక్క మంచి వానకు తడిస్తే ఆ తేమను వారాల తరబడి పట్టి ఉంచుతుంది. పదును చూసి జొన్న విత్తితే మంచుకే పంట చేతికొస్తుంది. పత్తి కూడా అంతే. అదే రేగడికి కాలువ నీళ్ళు ఎక్కువైతే కాలు పెట్టలేనంత జిగట, ఎండితే అరచేయి దూరేంత నెర్రెలు. వరి వెయ్యాలంటే మెట్టను చదును చేయాలి, గట్లు పెట్టాలి, ఎడ్లూ ఎరువూ కూలీలూ అన్నీ పెరగాలి. ఇంత చేసి, ఏటా ఎకరానికి నీటి తీరువా కట్టాలి. వాన బాగా కురిసిన ఏడు ఆ నీళ్ళు ఎలాగూ అక్కర్లేదు. దీన్ని రైతు మొండితనం అనడం తేలిక. కానీ రైతు వేసుకున్న లెక్క కంపెనీ లెక్క కన్నా గట్టిది. తన నేల ఏం అడుగుతుందో తనకు తెలుసు. ఆ మాట కాలువ తవ్వకముందు తనను అడిగినవాళ్ళు లేరు.

కాటన్ పక్షం వాదన కూడా చెప్పాలి. ఆయన అసలు ఆలోచనలో తుంగభద్ర ఎగువన జలాశయాలున్నాయి. అవి లేకుండా ఉత్త ఆనకట్టతో సరిపెట్టారు, దాంతో నది తగ్గినప్పుడల్లా కాలువా తగ్గింది. కాలువ కట్టింది కంపెనీ ఇంజనీర్లు. అప్పటికే, 1860లో, ఆయన ఉద్యోగం నుంచి రిటైరై ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇవన్నీ నిజాలే. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ పూర్తవడానికి 1953 దాకా ఆగాల్సి వచ్చింది.

అంతలో ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు శవాల దిబ్బలయ్యాయి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లాలో ప్రతి నలుగురిలో ఒకరు లేరు. వాన పూర్తిగా ఎగ్గొట్టిన ఆ ఏడు అదే రైతులు కేసీ కాలువ నీళ్ళు పట్టుకున్నారు. వానలు తిరిగొచ్చాక మళ్ళీ వదిలేశారు. గోదావరి డెల్టా మాత్రం ఆ కరువులో తిండి పండించి బయటికి పంపింది. ఒకే మనిషి ఆలోచన నుంచి వచ్చిన రెండు పనులు, ఒకే కరువు, రెండు ఫలితాలు. కాటన్ జీవితంలో మలుపు తిరిగింది ఇక్కడేనని నా నమ్మకం.

1878లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ ఇండియాలో ప్రజా పనుల ఖర్చు మీద ఒక సెలెక్ట్ కమిటీ వేసింది. అధ్యక్షుడు లార్డ్ జార్జ్ హామిల్టన్. 75 ఏళ్ళ కాటన్ సాక్ష్యం చెప్పారు. వాట్సాప్‌లో తిరిగే కథలో ఈ విచారణ గోదావరి ఆనకట్ట ఖర్చు గురించి జరిగినట్టు ఉంటుంది. కాదు. ఆనకట్ట పూర్తయి అప్పటికి పాతికేళ్ళు, దాని లాభాన్ని కాదనే స్థితిలో ఎవరూ లేరు. ఆయనకు ఎదురు చూపించింది కర్నూలు కాలువను, ఒరిస్సా కాలువలను. కాలువలకు కోట్ల పౌన్లు పెట్టమంటున్నారు, మీ మాట మీద పెట్టిన డబ్బు ఏమైందో చూడండి అన్నది అవతలి వాదన సారం. నీళ్ళ విలువను తీరువా రాబడితో ఎలా కొలుస్తారు, బతికిన ప్రాణాలు ఏ ఖాతాలో రాస్తారు అన్నది కాటన్ పక్షం వాదన. పార్లమెంటు సభ్యుడు జాన్ బ్రైట్, ఫ్లారెన్స్ నైటింగేల్ లాంటివాళ్ళు ఆయన వైపు నిలిచారు. అయినా కమిటీ ఆయన పథకం వైపు మొగ్గలేదు. ప్రజా పనుల కోసం చేసే అప్పుకు పరిమితి ఉండాలంది. 1882లో నష్టాల కాలువను ప్రభుత్వం కొనేసింది.

ఇప్పుడు బనకచర్లకు వద్దాం. నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో ఉంది ఆ క్రాస్ రెగ్యులేటర్. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే శ్రీశైలం నీళ్ళు అక్కడ చీలతాయి. ఒకవైపు తెలుగుగంగ, ఇంకోవైపు శ్రీశైలం కుడిగట్టు కాలువ, మధ్యలో నిప్పులవాగులోకి వదిలే గేట్లు. ఆ వాగు నీళ్ళు చివరికి చేరేది ఎక్కడికో తెలుసా? కేసీ కాలువ ఆయకట్టుకే. సుంకేసుల ఒక్కటే ఆ కాలువను నింపలేకపోవడంతో శ్రీశైలం తోడు కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ గేట్ల దగ్గరికే గోదావరిని తేవాలంటున్నారు.

2025లో ఆంధ్రప్రదేశ్ పెట్టిన ప్రతిపాదన క్లుప్తంగా ఇది. పోలవరం నుంచి 200 టీఎంసీల (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) వరద నీటిని కృష్ణకు, అక్కణ్ణుంచి పల్నాడులో బొల్లాపల్లి దగ్గర కట్టే జలాశయానికి, ఆపైన నల్లమలలో సొరంగం తవ్వి బనకచర్లకు చేర్చడం. ఖర్చు 80 వేల కోట్ల రూపాయల పైమాట. ఏటా దాదాపు 3 వేల టీఎంసీలు సముద్రం పాలవుతున్నాయి కదా, అందులో 200 తీసుకుంటే ఎవరికి నష్టం అని వాళ్ళ ప్రశ్న.

తెలంగాణ అభ్యంతరం దగ్గర కొంచెం ఆగాలి. గోదావరిలో 968 టీఎంసీలు తమవని, ఆ ప్రాజెక్టులన్నీ పూర్తయ్యేదాకా మిగులు ఎంతో ఎవరూ తేల్చలేరని ఆ రాష్ట్రం అంటోంది. మిగులు జలాల పంపకం గురించి తీర్పు లేకుండా వాటి మీద శాశ్వత కాలువ కడితే, రేపు ఆ కాలువే హక్కుకు సాక్ష్యం అవుతుందన్నది దాని భయం. ఇది ఉత్త అనుమానం కాదు. నీటి వాటాలు తేల్చిన 1980 గోదావరి ట్రిబ్యునల్ అవార్డులో పోలవరం నుంచి కృష్ణకు మళ్ళించే 80 టీఎంసీలకే పై రాష్ట్రాలు వాటా అడిగి తీసుకున్నాయి. కర్ణాటక, మహారాష్ట్రలకు కలిపి 35, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్ ఎగువకు 45. మరి 200 మళ్ళిస్తే వాటాలు అడిగేది ఎంతమంది? 2025 జూన్ 30న కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ప్రతిపాదనను వెనక్కి పంపినప్పుడు కూడా ముందు ఈ అంతర్రాష్ట్ర చిక్కులు తేల్చుకోమన్నట్టే చెప్పింది. జూలై 16న ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చున్నారు. గొడవ మాత్రం అక్కడితో ఆగలేదు.

కాటన్‌తో మాకేం సంబంధం అనేవాళ్ళకు దుమ్ముగూడెం గుర్తు చేయాలి. భద్రాచలం ఎగువన గోదావరి మీద ఆ పాత ఆనకట్ట కాటన్ జలరవాణా పథకంలో భాగమే. పడవలు వార్ధా పత్తి నేలల దాకా వెళ్ళాలనుకున్నారు, 1871లో ఆ పని వదిలేశారు. తెలంగాణ సీతారామ ఎత్తిపోతలకు నీళ్ళు తోడుతున్నది ఆ ఆనకట్ట ఎగువ నుంచే. 2014 నుంచి ఆ రాష్ట్రం ఇంజనీర్స్ డేను నిజాం కాలపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జూలై 11న జరుపుకుంటోంది. అది న్యాయమైన గౌరవమే. అంతమాత్రాన దుమ్ముగూడెం రాళ్ళు ఎక్కడికీ పోవు.

కేసీ కాలువ కింద ఇవాళ లెక్క ప్రకారం 2 లక్షల 65 వేల ఎకరాల ఆయకట్టు. కృష్ణా ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు కేటాయించింది. ఒకప్పుడు నీళ్ళొద్దన్న చోట ఇప్పుడు కర్నూలు సోనా మసూరి పండుతోంది, చివరి భూముల రైతులు నీళ్ళ కోసం రోడ్డెక్కుతున్నారు. కాటన్‌ను వెనకేసుకొచ్చేవాళ్ళకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు, దాన్ని కాదనలేం. కాకపోతే కాలువ ఇక్కడిదాకా రావడానికి తుంగభద్ర డ్యామ్, శ్రీశైలం, దాదాపు వందేళ్ళు పట్టాయి. అదీ వాలులో తనంత తాను పారే కాలువ. బనకచర్లకు గోదావరి ఎక్కాలంటే మెట్టు మెట్టుకీ పంపులు కావాలి. ఎకరానికి ఆ కరెంటు బిల్లు ఎంతో, అది కట్టేది ఎవరో సభల్లో కాటన్ పేరు చెప్పేవాళ్ళు చెప్పడం లేదు.

కమిటీ తర్వాత కాటన్ ఇంకో ఇరవై ఏళ్ళు బతికారు. సైన్యంలో ఆయనది జనరల్ హోదా. లండన్‌కు దక్షిణాన డార్కింగ్‌లో కాపురం. కాలువల గురించి రాస్తూనే ఉన్నారు, కానీ ముసలితనంలో ఆయనకు ఇంకో పిచ్చి పట్టింది. తన చిన్న చెక్కలో నేలను బాగా లోతుగా తవ్వించి, గుల్ల చేసి, గోధుమ విత్తేవారు. మట్టిని లోతుగా కదిలిస్తే అదే నేల ఎంత ఎక్కువ పండుతుందో చూడాలని. తొంభై ఏళ్ళు దాటాక కూడా ఆ ప్రయోగాలు చేస్తూనే, 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.