బోర్డు మీది సౌండ్ చాలదా? ఈ గొడవకు మూలం 1997లో ఉంది

కొత్త మదర్‌బోర్డులు వచ్చిన ప్రతిసారీ ఈ పంచాయితీ మళ్లీ రాజుకుంటుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు ఇప్పుడున్న సౌండ్ చిప్ సరిపోతుందా, తయారీదారులు ఇంకా మంచిది పెట్టి ఇవ్వాలా? కంప్యూటర్ బీప్ మోతలు మాత్రమే చేసిన కాలం, ధ్వని కోసం విడిగా బిగించుకున్న సౌండ్ బ్లాస్టర్ కార్డుల వైభవం అందరికీ తెలిసినవే. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది.

1997లో ఇంటెల్ ఏసీ'97 అనే ప్రమాణం తెచ్చింది. అంతవరకు కార్డు చేస్తున్న పని దాంతో రెండు ముక్కలైంది. డిజిటల్ వ్యవహారం బోర్డు మీది భాగాలను కలిపే చిప్‌సెట్‌లోకి పోయింది. అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చే కోడెక్ విడిగా చిన్న చిప్‌గా మిగిలింది. ఉద్దేశం మంచిదే, సున్నితమైన అనలాగ్ భాగాన్ని డిజిటల్ రొదకు దూరంగా పెట్టుకోవచ్చు. బోర్డులు తయారుచేసేవాళ్లకు మాత్రం అందులో పొదుపు కనిపించింది. వేర్వేరు ధ్వనులను కలిపే మిక్సింగ్ పనిని ప్రాసెసర్ నెత్తిన వేసి, చవకైన కోడెక్ ఒకటి అతికిస్తే కార్డు ఖర్చు తప్పుతుంది. ఆన్‌బోర్డ్ సౌండ్ అంటే సుయ్‌మంటుందనే చెడ్డపేరు ఆ రోజుల్లో వచ్చిందే.

మంచి సౌండ్‌ను బోర్డులోనే ఇవ్వాలని ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. 2001లో ఎన్విడియా తన ఎన్‌ఫోర్స్ చిప్‌సెట్‌లో ఆడియోకి ప్రత్యేక ప్రాసెసర్ పెట్టింది. అది ఆటల ధ్వనిని అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గా, అంటే చుట్టూ పెట్టిన పలు స్పీకర్లకు సరిపోయే రూపంలోకి, మార్చి పంపేది. ఎన్‌ఫోర్స్2 తర్వాతి తరాల చిప్‌సెట్లలో దాన్ని వదిలేశారు.

విడి సౌండ్ కార్డులు మూలపడ్డ తప్పంతా వాటి అభిమానులు విండోస్ విస్టా మీదకు నెడతారు. విండోస్‌లో ఆటలు ధ్వని పలికించడానికి వాడే డైరెక్ట్‌సౌండ్‌కు కార్డు సాయం అందే దారిని విస్టా మూసేసిన మాట నిజమే. కానీ అంతకు ముందే, 2004లో, ఏసీ'97 స్థానంలో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో అనే ప్రమాణం వచ్చింది. ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో చెప్పే లెక్కలో 192 కిలోహెర్ట్జ్ దాకా, 8 ఛానళ్ల దాకా. సీడీ 44.1 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. మామూలు శ్రోత చెవికి కావలసింది కోడెక్‌లో అప్పుడే వచ్చేసింది.

మరి ఫిర్యాదులు ఎందుకు ఆగలేదు? హెడ్‌ఫోన్స్‌ని క్యాబినెట్ ముందు జాక్‌లో పెట్టి మౌస్ కదపండి. కొన్ని కంప్యూటర్లలో కదిపినంతసేపూ సన్నగా కీచుమంటుంది. అదే హెడ్‌ఫోన్స్ వెనక జాక్‌లో పెడితే చాలాసార్లు ఆ చప్పుడు పోతుంది. చిప్ అదే, మారింది దారి. ముందు జాక్‌కు వెళ్లే తీగ క్యాబినెట్ లోపల చుట్టూ తిరిగి, ఒక్కోసారి గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచే పోతుంది. గ్రౌండింగ్ సరిగా లేకపోతే రొద అందులో కలుస్తుంది. అక్కడ ఎంత ఖరీదైన కోడెక్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. లాప్‌టాప్‌లదీ ఇదే కథ. అంత పలచటి ఒంట్లో ఇరికించిన స్పీకర్ నుంచి బేస్ రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది?

గట్టిగా మోగాలంటే ఎక్కువ వోల్టేజీ అడిగే 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ వాడేవాళ్లు, మైక్ పెట్టి పాటలు రికార్డు చేసుకునేవాళ్లు 'మాకు చాలదు' అంటే కాదనలేం. వాళ్లలో చాలామంది ఎప్పుడో అంకెలను ధ్వనిగా మార్చే విడి పెట్టె అయిన యూఎస్‌బీ డాక్ (DAC)కో, మైక్ కూడా తగిలించుకునే ఆడియో ఇంటర్‌ఫేస్‌కో మారిపోయారు. ఇక బ్లూటూత్‌లో వినేవాళ్లకు బోర్డు మీది కోడెక్‌తో పనే లేదు, అంకెలను ధ్వనిగా మార్చే పని ఇయర్‌బడ్స్‌లోనే జరిగిపోతుంది. అయినా 'హై-ఎండ్ ఆడియో' పేరుతో బోర్డు ధర పెంచితే ఆ భారం వీళ్లందరి మీదా పడుతుంది. పైగా ఆ బోర్డుల అట్టపెట్టె మీద కోడెక్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ, ముందు జాక్ దగ్గర కొలిస్తే రొద ఎంత వస్తుందో సాధారణంగా రాయరు.