ఒక నిమిషం ఊపిరి లెక్క

పిల్లలూ,

ఈ ఉత్తరం మీలో పదేళ్ళు దాటినవాళ్ళకి. 2021 మే నెలలో మా వీధిలో కరోనాతో ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున మంచాన పడ్డారు. అప్పుడు చాలా ఇళ్ళలో లేచి తిరిగే ఓపిక ఉన్నది మీ ఈడు పిల్లలకే. ఒక సాయంత్రం ఆరో తరగతి పిల్ల ఒకతి చంటిదాన్ని చంకనేసుకుని మా గుమ్మం అవతల నిలబడింది. "అమ్మమ్మా, అమ్మా నాన్నా ఇద్దరూ పడుకునే ఉన్నారు, చెల్లి ఒళ్ళు కాలిపోతోంది, ఏం చెయ్యను?" అంది. నేను ముప్పై ఏళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మగా పనిచేశాను కాబట్టి నా దగ్గరకొచ్చింది. అన్ని వీధుల్లోనూ నర్సమ్మ ఉండదు కదా, అందుకని రాస్తున్నాను.

కరోనా వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి అది మామూలు జలుబు, దగ్గు, జ్వరంలాగే వచ్చి పోతుంది. కొందరికి వాంతులో విరేచనాలో కూడా అవుతాయి. ఇంట్లోనే తగ్గిపోతుంది. కాబట్టి పరీక్షలో పాజిటివ్ అని రాగానే టెన్షన్ పడి పరిగెత్తక్కర్లేదు. కానీ ఏ కొద్దిమందికో ఆస్పత్రి కావాలి, ఆ కొద్దిమందిలో మన ఇంటి పిల్ల ఉందా లేదా అన్నది కనిపెట్టడమే మన పని.

దానికి అందరూ థర్మామీటర్ పట్టుకుని కూర్చుంటారు. నేను మాత్రం అంకె చూడటం కన్నా పిల్లని చూడమంటాను. 103 జ్వరం వచ్చినా, మందు పడి కాస్త తగ్గగానే లేచి బొమ్మలు లాక్కుంటూ, మంచినీళ్ళు తాగుతూ, మీతో పోట్లాడుతుంటే నాకంత భయం లేదు. 100 మాత్రమే ఉన్నా పిలిస్తే పలక్కుండా, పాలు పట్టకుండా, తోటకూర కాడలా వేలాడిపోతుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగను. మూడు నెలలు నిండని పసిబిడ్డ సంగతి వేరు, 100.4 వచ్చిందంటే బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా డాక్టరుకి చూపించాల్సిందే. పెద్ద పిల్లలకైనా మూడు రోజులు దాటి జ్వరం విడవకపోతే చూపించాలి.

ఇప్పుడు అసలు విషయం, ఊపిరి. పిల్ల నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి పొట్టనీ ఛాతీనీ చూడండి. ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. సెకన్ల ముల్లున్న గడియారం ఎదురుగా పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తానంటే కుదరదు, చంటిపిల్లల ఊపిరి కాసేపు గబగబా, కాసేపు నింపాదిగా నడుస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వేగం ఎక్కువైనట్టు. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, అయిదేళ్ళు దాటితే 30. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి గడియారం పక్కన అంటించుకోండి. మేం ఊళ్ళ వెంట తిరిగేటప్పుడు నిమోనియా పిల్లల్ని పట్టుకున్నది ఈ లెక్కతోనే, స్టెతస్కోపుతో కాదు.

ఒక మెలిక ఉంది. జ్వరం మండుతున్నప్పుడు ఊపిరి వేగం ఎలాగూ పెరుగుతుంది. నాలుగేళ్ళ మా మనవడికి ఆ నెలలోనే ఒక రాత్రి లెక్కపెడితే 44 వచ్చింది. అంత అనుభవం ఉండి కూడా నా చేతులు వణికాయి, ఎందుకు దాచాలి? పారాసిటమాల్ వేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, గంట ఆగి మళ్ళీ లెక్కపెడితే 32. అప్పుడు పడుకున్నా. రెండోసారీ 44 దగ్గరే ఉండుంటే ఆటో పిలిచేదాన్నే.

కొన్నింటికి మాత్రం లెక్కా అక్కర్లేదు, ఆగి చూడటమూ ఉండకూడదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతుంటే, మన పెద్దవాళ్ళు డొక్కలెగరేస్తున్నాడు అంటారే, అదన్నమాట. ముక్కుపుటాలు అదురుతుంటే, ఊపిరి వదిలేటప్పుడల్లా మూలుగుతుంటే, ఊరికే కూర్చున్నప్పుడు కూడా గొంతులోంచి గురగురమని చప్పుడొస్తుంటే కూడా ఆగకూడదు. పెదవులు నీలంగా మారడం మన చామనచాయ పిల్లల్లో పైకి సరిగా తెలియదు, అందుకని పెదవి లోపలి వైపు, నాలుక, చిగుళ్ళు చూడండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్ళూ చెంచాలూ పెట్టొద్దు, చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ఏమీ ఉపయోగం లేదు, ఆ సమయంలో 108 కి ఫోన్ చేయండి. ఫోన్లో మొదట ఊరి పేరు, గుర్తు చెప్పండి, రామాలయం పక్క సందు అనో, వాటర్ ట్యాంకు ఎదురుగా అనో. చాలామంది ఏడుస్తూ జబ్బు సంగతే చెబుతారు, అడ్రస్ చెప్పరు.

వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఇంట్లో ఉంటే మంచిదే. 94 గానీ ఆ పైన గానీ ఉంటే నిదానంగా ఉండొచ్చు, 94 కన్నా తగ్గితే డాక్టరు దగ్గరకి, 90 కన్నా తగ్గితే ఉన్నపళంగా ఆస్పత్రికి. అయితే వేలు చల్లగా ఉన్నా, గోళ్ళరంగు ఉన్నా, పిల్ల కదులుతున్నా అది తప్పుగా చూపిస్తుంది, పెద్దవాళ్ళది చంటిపిల్లల వేలికి సరిగా పట్టదు కూడా. యంత్రం 98 అన్నా సరే, డొక్కలెగరేస్తుంటే నేను డొక్కల మాటే నమ్ముతాను.

ఇక తిండి, నీళ్ళు. లంఖణం పరమౌషధం అని తాతయ్యలు అంటారు, జ్వరం పిల్లలకి ఆ మాట వర్తించదు. జావ, మజ్జిగ, పప్పుచారు అన్నం, ఏది తింటే అది కొంచెం కొంచెంగా పెట్టండి, విరేచనాలైతే ఓఆర్ఎస్ చెంచాతో పట్టండి. ఎంత లోపలికి పోయిందో తెలియకపోతే ఎంత బయటికి వచ్చిందో చూడండి. ఆరు నుంచి ఎనిమిది గంటలుగా ఒంటికి పోలేదు, ఏడిస్తే కన్నీళ్ళు రావట్లేదు, నోరు ఎండిపోయింది, చంటిబిడ్డకి మాడు గుంటపడింది అంటే ఒంట్లో నీళ్ళు అయిపోతున్నాయని అర్థం. తాగిందంతా కక్కేస్తున్నా అంతే, ఇంట్లో కూర్చుని లాభం లేదు.

మందుల విషయంలో మీరు ప్రయోగాలు చేయొద్దు. పారాసిటమాల్ కూడా పిల్ల బరువును బట్టి డాక్టరు చెప్పిన కొలతే, నాన్నకిచ్చే మాత్రలో సగం విరిచి వేయడం కాదు. ఆస్పిరిన్ అసలు వద్దు. ఫ్రిజ్‌లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ వైరస్‌ని ఏమీ చేయదు. వాపుని అణిచే స్టెరాయిడ్ మందులు తేలిక జబ్బుకి ఇవ్వకూడదని 2021 జూన్‌లో కేంద్ర ప్రభుత్వమే పిల్లల మార్గదర్శకాల్లో చెప్పింది. మరిగే నీళ్ళ గిన్నె ముందు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి ఆవిరి పట్టించడం మాత్రం నాకు కరోనా కన్నా భయం, ఒక్కసారి గిన్నె ఒలికితే చర్మం ఊడొస్తుంది.

ఉబ్బసం, గుండెలో రంధ్రం, షుగర్, తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులు, ఇలాంటివి ముందు నుంచీ ఉన్న పిల్లలైతే ఈ గుర్తులు వచ్చేదాకా ఆగొద్దు. మొదటి రోజే వాళ్ళ డాక్టరుకి ఫోన్ చేయించండి.

తగ్గిపోయిందని ఊపిరి పీల్చుకున్నాక వచ్చేది ఇంకోటుంది. మా వెనక వీధిలో ఎనిమిదేళ్ళ పిల్లకి కరోనా రెండు రోజుల జ్వరంతో పోయింది. నెల తిరిగాక మళ్ళీ జ్వరం, కడుపునొప్పి, వాంతులు. ఒక క్లినిక్‌లో గ్యాస్ అని మందిచ్చి పంపారు. ఇంట్లో వాళ్ళ నాయనమ్మ దిష్టి తీసింది. మూడో రోజు నేను వెళ్ళి చూస్తే కళ్ళు పుసి లేకుండా ఎర్రగా ఉన్నాయి, పెదవులు ఎర్రగా పగిలాయి, ఒంటి మీద దద్దుర్లు, పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఇంటిల్లిపాదినీ అప్పటికప్పుడు బయల్దేరదీశాను. దాన్ని డాక్టర్లు మిస్-సి అంటారు, వైరస్ పోయాక రెండు నుంచి ఆరు వారాల్లో, మన ఒంటి రక్షణ వ్యవస్థే అతిగా రెచ్చిపోయి గుండె దాకా వాచేలా చేస్తుంది. అరుదే, కానీ తేలిగ్గా తీసుకునేది కాదు. అక్కడ ఆ పిల్లకి స్టెరాయిడ్లే ఇచ్చారు, ఇమ్యునోగ్లోబులిన్ అనే మందుతో కలిపి. చూశారా, ఇంట్లో వద్దన్న మందే అక్కడ డాక్టరు చేతిలో అవసరమైంది. వారం రోజులకి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. అందుకే నెల రోజుల క్రితం కరోనా వచ్చిందన్న మాట డాక్టరుకి చెప్పడం మరిచిపోకండి, వాళ్ళు అడక్కపోయినా సరే.

మీకు అనుమానం వస్తే, పెద్దవాళ్ళు నీరసంగా పడుకుని ఉన్నా సరే, నిద్రలేపి చెప్పండి. అనవసరంగా లేపావని తిడితే నా పేరు చెప్పండి.

ఈ రాత్రి మీ తమ్ముడో చెల్లో నిద్రపోయాక, జ్వరం ఏమీ లేనప్పుడే, గడియారం పెట్టుకుని ఒకసారి లెక్కపెట్టండి. వయసూ, వచ్చిన అంకే రెండూ రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ నర్సమ్మ అమ్మమ్మ