ఆరుబయట పడుకునే ముందు

రాజమహేంద్రవరం

చిరంజీవులు చిన్నూకు, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. ఇల్లులేనివాళ్ల కోసం చందాలు పోగుచేయడానికి స్కాట్లాండులో, మీ ఎడింబరో బడి ఆవరణలో మీరు ఒక రాత్రి ఆరుబయట పడుకోబోతున్నారు కదా. దాని గురించి మొన్న ఆదివారం ఫోనులో చిన్నూ అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, మీ ఇంటికి వచ్చినప్పుడు అందరం డాబా మీదే పడుకున్నాం కదా, దానికి ఎవరూ డబ్బులివ్వలేదు. ఇక్కడ మా బడి ఆవరణలో ఒక్క రాత్రి పడుకుంటే ఎందుకిస్తారు?" అన్నావు. ఆ రాత్రంతా అదే ఆలోచించాను. ఫోనులో తేలే సంగతి కాదనిపించి రాస్తున్నాను. బుజ్జీ, ఒత్తులున్న చోట తడబడితే అమ్మను చదివి వినిపించమను.

మొదట మన డాబా సంగతి చూద్దాం. నా చిన్నతనంలో ఎండాకాలం వచ్చిందంటే సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి, వేడి చల్లారాక నులక మంచాలు వాల్చేవాళ్లం. తలాపున మరచెంబు, చేతిలో విసనకర్ర. అర్ధరాత్రి నాలుగు చినుకులు పడితే పక్కబట్టలు చుట్టుకుని, మంచాలు ఎత్తుకుని వసారాలోకి పరుగు తీసేవాళ్లం. ఆ పరుగు గురించి ఒక్కసారి ఆలోచించండి. ఎక్కడికి పోవాలో మాకు తెలుసు, తలుపు తీసే ఉంటుంది. పరుగెత్తడానికి చోటు ఉంది కాబట్టే ఆరుబయట నిద్ర అంత హాయిగా ఉండేది. మీరు బడిలో పడుకోబోయేది, వాన వచ్చినా లోపలికి పరుగెత్తే వీలులేని మనుషుల కోసం.

ఇలా చందాల కోసం ఒక రాత్రి బయట పడుకునే పద్ధతి ఎక్కడెక్కడ ఎలా సాగిందో కొంచెం చెబుతాను. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర పరమట్టా అనే చోట 2006లో కొందరు వ్యాపారసంస్థల అధిపతులు అట్టముక్కలు పరుచుకుని ఒక రాత్రి బయట పడుకున్నారు. సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ అనే సేవాసంస్థ కోసం చేసిన పని అది. 2010 నాటికి దేశమంతా పాకింది. అక్కడ దీన్ని జూన్‌లో జరుపుతారు, వాళ్లకు అది చలికాలం కాబట్టి. ఇంగ్లండులో ఇల్లులేని యువతకు సాయపడే సెంటర్‌పాయింట్ అనే సంస్థ ఉంది. 1969లో లండన్‌లోని సోహోలో ఒక చర్చి నేలమాళిగలో మొదలైంది. దానికి పోషకుడుగా ఉన్న రాకుమారుడు విలియం 2009 డిసెంబరులో, ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉన్న రాత్రి, బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దగ్గర సందులో పడుకున్నాడు.

ఇక మీ ఎడింబరోలోనే జరిగింది వినండి. అప్పటికి మీకు ఊహ తెలియదు. 2017 డిసెంబరు 9, శనివారం. కోట కింద ప్రిన్సెస్ స్ట్రీట్ తోటల్లో, మీరు ఇప్పుడు ఐస్‌క్రీం తింటూ తిరిగే ఆ పచ్చికమీదే, సుమారు ఎనిమిది వేలమంది స్లీపింగ్ బ్యాగుల్లో దూరి రాత్రంతా గడిపారు. సున్నాకు ఆరేడు డిగ్రీల దిగువకు పోయిన చలి. పాటగాళ్లు వచ్చి పాడారు, జాన్ క్లీస్ అనే నటుడు అందరికీ నిద్రపోయే ముందు కథ చదివాడు. దీన్ని నడిపింది సోషల్ బైట్. 2012లో మీ ఊళ్లోనే రోజ్ స్ట్రీట్‌లో చిన్న శాండ్‌విచ్ కొట్టుగా మొదలైన సంస్థ అది. ఇల్లులేని ఒక మనిషి వచ్చి పని అడిగితే ఇచ్చారు. అక్కడినుంచి వాళ్ల దారే మారిపోయింది. ఆ ఒక్క రాత్రితో దాదాపు 40 లక్షల పౌండ్లు పోగయ్యాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం చిన్నూ. ఎందుకిస్తారు? నువ్వు పడుకున్నందుకు కాదు. నువ్వు అడిగినందుకు. ఇల్లులేనివాళ్ల కోసం చందా ఇవ్వండని ఒక పెట్టె పెడితే దాని పక్కనుంచి వెళ్లిపోయే పెద్దమనిషి, తాను ఎరిగిన పదేళ్ల కుర్రాడు ఫలానా రాత్రి చలిలో పడుకుంటాడని తెలిస్తే ఆగుతాడు. "అంత చలిలోనా? జలుబు చేయదూ?" అంటాడు. ఆ మాట నోట వచ్చాక, రోజూ అదే చలిలో పడుకునేవాళ్లు అతనికి తప్పకుండా గుర్తొస్తారు. జేబులోకి చెయ్యి పోయేది అప్పుడే. నీ నిద్ర ఆ మాట పుట్టించడానికి. కాబట్టి చందా కాగితం పట్టుకుని తిరిగేటప్పుడు సిగ్గుపడకండి. ఈ పనిలో సగానికి పైగా ఆ తిరగడంలోనే ఉంది.

పడుకునే విషయంలో ఒక మాట. దుప్పట్లు ఎన్ని కప్పుకోవాలా అని మీ అమ్మ లెక్కలు వేస్తోంది. కప్పుకునేదానికంటే పరుచుకునేది ముఖ్యమని చెప్పండి. చల్లటి నేల ఒంటిలోని వెచ్చదనాన్ని గాలికంటే త్వరగా లాగేస్తుంది. ఒంటి బరువుకు కింది దుప్పటి అణిగిపోతుంది, దానిలో గాలి మిగలదు. అట్టపెట్టెల అట్ట చూడండి, రెండు కాగితాల మధ్య ముడతలు ముడతలుగా ఇంకో కాగితం ఉంటుంది. ఆ ముడతల్లో గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలే చలిని ఆపుతుంది. మన పల్లెల్లో చలికాలం వరిగడ్డి పరిచి దానిమీద గోనెపట్టా వేసుకునేవాళ్లు, అదే ఉపాయం. వీధిలో పడుకునేవాళ్లు అట్టల కోసం కొట్ల వెనక ఎందుకు వెతుకుతారో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. అట్ట తడిస్తే మాత్రం ఆ రాత్రి పోయినట్టే.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2011 జనగణనలో నేనూ లెక్కలు రాశాను. ఉపాధ్యాయులకు అప్పగించే పని అది. ఇళ్లున్నవాళ్లను ఫిబ్రవరి నెలలో ఇంటింటికీ తిరిగి రాశాం. ఇల్లులేనివాళ్లకు మాత్రం ఒకే ఒక్క రాత్రి కేటాయించారు, ఫిబ్రవరి 28. రోడ్డుపక్కన, వంతెనల కింద, సిమెంటు తూముల్లో, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఎక్కడ పడుకున్నవాళ్లను అక్కడే రాసుకోవాలి. నేనూ, మరో మాస్టారూ గోదావరి స్టేషను వైపునుంచి మొదలుపెట్టి రేవు దాకా నడిచాం. రోజూ బడికి వెళ్లే దారే. ఆ దారిలో అంతమంది ఉన్నారని నాకు అంతవరకూ తెలియదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

రేవు దగ్గర ఒక కొట్టు అరుగుమీద యాభై ఏళ్లుండే ఆవిడ పడుకుని ఉంది. సరిగ్గా వీధిదీపం కింద. దీపపు పురుగులు మీద రాలుతున్నాయి, దోమలు సరేసరి. నాలుగడుగుల అవతల చీకటిగా, శుభ్రంగా చోటుంది. "అక్కడ పడుకోవచ్చు కదమ్మా" అన్నాను. "చీకట్లో ఎవరొస్తున్నారో కనబడదు కదా బాబూ" అంది. సంచీ తాడు మణికట్టుకు కట్టుకుంది, చెప్పులు తలకింద పెట్టుకుంది. కొట్టు మూసేదాకా పడుకోవడానికి లేదు, తెరిచేలోపు లేచిపోవాలి. నడుమ మిగిలేది నాలుగైదు గంటలు, అదీ ఒక కన్ను తెరిచే. ఆమె పేరు మీకు చెప్పను. జనగణన కాగితంలో రాసినది బయట పెట్టకూడదని చట్టం. దేశం మొత్తంమీద అలా లెక్కకు వచ్చినవాళ్లు 17 లక్షల 70 వేలకు పైనే. ఆ రాత్రి దీపంలేని సందుల్లో ఎంతమందిని దాటిపోయామో అని నాకిప్పటికీ బెంగే.

మీ బడి ఆవరణలో ఒంటిమీదికి ఎవరూ రారు. మాస్టార్లు కాపలా ఉంటారు, మరుగుదొడ్డి ఉంటుంది, వేడి సూపు ఇస్తారు. తెల్లారితే నాన్న కారు తెస్తాడు. అందుకే కొందరు ఈ కార్యక్రమాలను తప్పుపడతారు, పేదరికాన్ని ఆటగా చేశారంటారు. ఆ మాటలో నిజముంది, తోసిపుచ్చకండి. అయినా నేను మిమ్మల్ని వెళ్లమనే చెబుతాను, ఒక షరతుతో. పొద్దున్నే లేచి "ఇల్లులేకపోవడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది" అని మాత్రం ఎవరితోనూ అనవద్దు. మీకు తెలిసేది చలి ఒక్కటే. భయం, అవమానం, రేపటి రాత్రి ఎక్కడన్న దిగులు మీకు తెలియవు, తెలియకూడదనే నా కోరిక. చిరిగిన బట్టలు వేసుకుని ఫొటోలు దిగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వీలుంటే, ఒకప్పుడు ఇల్లులేక ఇప్పుడు నిలదొక్కుకున్న మనిషిని పిలిచి మాట్లాడించమని మీ టీచరును అడగండి.

మరొకటి. స్కాట్లాండులో ఇల్లులేనివాళ్లంటే వీధిలో కనబడేవాళ్లే అనుకోకండి. తమ తప్పు లేకుండా ఇల్లు పోగొట్టుకున్న ప్రతి ఒక్కరికీ స్థిరమైన ఇల్లు పొందే హక్కు ఉండాలని అక్కడ 2003లో చట్టం చేసి, 2012 చివరికి పూర్తిగా అమలులోకి తెచ్చారు. ఇంత దయగల చట్టాలు తక్కువ. కానీ చట్టం చెప్పినంత వేగంగా ఇళ్లు లేవవు. ఇల్లు దొరికేదాకా కుటుంబాలు తాత్కాలిక వసతుల్లో, కొన్నిసార్లు ఒకే హోటలు గదిలో నెలల తరబడి ఉంటాయి. బుజ్జీ, నీ తరగతిలోనే అలాంటి గదినుంచి వచ్చే పాప ఉండవచ్చు. ఆ పాపకు ఈ కార్యక్రమం ఎలా అనిపిస్తుందో కూడా ఆలోచించండి. ఎవరింటి సంగతీ గుచ్చి గుచ్చి అడగకండి.

డబ్బు ఎక్కడికి పోతుందన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. సూపూ, దుప్పట్లూ ఆ పూటకు కావాలి, నిజమే. కానీ సోషల్ బైట్ వాళ్లు అక్కడ ఆగలేదు. 2018లో మీ ఊళ్లోని గ్రాంటన్‌లో చిన్న చిన్న కొయ్య ఇళ్లతో ఇరవైమందికి ఒక ఊరే కట్టారు. తోటల్లో నిద్రించి తెచ్చిన డబ్బుతో "ముందు ఇల్లు" అనే పద్ధతికి ఊతమిచ్చారు. ఇది 1992లో న్యూయార్కులో మొదలైంది, 2008 నుంచి ఫిన్లండ్ దేశం మొత్తం అనుసరిస్తోంది. పాత పద్ధతిలో, తాగుడు మానితే, మందులు సరిగ్గా వేసుకుంటే, బుద్ధిగా ఉంటే చివర్లో ఇల్లు ఇస్తారు. ఈ పద్ధతిలో ముందే తాళంచెవి చేతికిస్తారు, ఆ తర్వాత పక్కన నిలబడి మిగతావాటికి సాయపడతారు. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. మాత్రల సీసా పెట్టుకోవడానికి అలమరా లేని మనిషి మందులు వేళకు ఎలా వేసుకుంటాడు? ఉత్తరం వచ్చేందుకు చిరునామా లేనివాడికి ఉద్యోగం ఎలా దొరుకుతుంది?

మన దగ్గర అంతదూరం పోలేదు. 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక, నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున వందమంది పట్టే ఆశ్రయాలు ఏడాది పొడుగునా తెరిచి ఉండాలన్న నియమం వచ్చింది. ఈసారి మీరు వచ్చినప్పుడు మన ఊళ్లో ఉన్నదాన్ని చూపిస్తాను.

నా పింఛనులోంచి మీ ఇద్దరి పేరనా చెరో పాతిక పౌండ్లు రాసుకోండి. నాన్న ఇస్తాడు, నేను అతనికి పంపుతాను. కాగితంమీద నా పేరు రాసేముందు, ఆ డబ్బు దుప్పట్లకు పోతుందా, ఇళ్లకు పోతుందా అని మీ టీచరును అడిగి నాకు చెప్పాలి. అమ్మమ్మ ఉన్ని మేజోళ్లు అల్లుతోంది, బుజ్జివి అయిపోయాయి. చిన్నూ పాదం కొలత ఈ ఏడు ఎంతో రాయి.

ఇట్లు,
తాతయ్య