మార్చి నెల అరువు తెచ్చుకున్న మూడు రోజులు

పిల్లలూ,

వాన రాబోతోందని ఐర్లాండు పల్లెల్లో ఎలా కనిపెట్టేవాళ్ళో రాయమన్నారు కదా, ముందు మీ వయసు పిల్లల సంగతి చెప్పాలి. 1937 నుంచి 1939 దాకా అక్కడ దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఇంట్లో, ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి కథలు, నాటువైద్యాలు, వాన గుర్తులు అన్నీ నోటుబుక్కుల్లో రాసుకొచ్చారు. మొత్తం 7,40,000 పేజీలు! ఇప్పుడు వాటిలో చాలావరకు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, ఎన్నో పేజీలు ఆ పిల్లల చేతిరాతతోనే చదువుకోవచ్చు.

పిల్లి నెగడుకు వీపు పెట్టి కూర్చున్నా, పొగగొట్టంలోంచి మసి రాలినా, దూరపు కొండ దగ్గరగా కనిపించినా వాన తప్పదనేవాళ్ళు. సముద్రపు పక్షులు పొలాల మీదికి వచ్చేశాయంటే తుఫానే. పిల్లి విషయం నాకు నమ్మబుద్ధి కాదు కానీ కొన్నింటికి మాత్రం గట్టి కారణమే ఉంది. ఐర్లాండుకు వాతావరణం ఎక్కువగా పడమటి నుంచి, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వస్తుంది, కాబట్టి పొద్దుగూకేటప్పుడు ఆకాశం ఎర్రబడిందంటే అటువైపు మబ్బు పెద్దగా లేనట్టు, అంటే రేపు తెరిపి. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే వాన వస్తుందని మన ఊళ్ళలోనూ అంటారు, వాళ్ళూ అదే అన్నారు. బాగా ఎత్తున పల్చటి మబ్బుల్లో ఉండే మంచు స్ఫటికాలు వెన్నెలను వంచడం వల్ల ఆ వలయం కనిపిస్తుంది, వానమబ్బులకు ముందు చాలాసార్లు వచ్చేవి ఆ పల్చటి మబ్బులే. ప్రతిసారీ వాన పడుతుందని కాదు, ఈసారి వరదగుడి కనిపిస్తే తారీఖు రాసుకుని మీరే చూడండి.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది చారల ఆవు కథ. మార్చి ఆఖరున ఒక ముసలి ఆవు, ఈ చలి నన్నేమీ చేయలేకపోయింది, ఇక నాకు భయం లేదు అని గొప్పలు పోయిందట. మార్చికి ఒళ్ళు మండి, ఏప్రిల్ దగ్గర మూడు రోజులు అరువు తీసుకుని, ఈదురుగాలితో చలితో కొట్టి ఆవును చంపేసిందట! అందుకే ఏప్రిల్ మొదటి మూడు రోజులకూ చారల ఆవు రోజులని పేరు. వినడానికి కథే కానీ, పశువుల్ని పెంచేవాళ్ళకు ఇది హెచ్చరిక. శీతాకాలం ముగిసేసరికి దాచిన ఎండుగడ్డి అడుగంటుతుంది, పశువులు చిక్కిపోయి ఉంటాయి, అప్పుడు వచ్చే చివరి చలిని తట్టుకోలేవు. నాలుగు రోజులు ఎండ కాసిందని ఉన్న మేతంతా ఖర్చు పెట్టేసిన రైతుకు ఆ మూడు రోజులు ఎంత కష్టమో ఆలోచించండి.

ప్రేమతో,
మీ తాతయ్య